వదలాల్సింది కుర్చీని, సినిమాను కాదు

ఫిల్మ్‌నగర్‌లో పని దొరకాలన్నా నిలవాలన్నా నోరుండాలంటారు. డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన కుర్రాడి రోజు చూస్తే నిజమేననిపిస్తుంది. తెల్లారకముందే లొకేషన్‌లో ఉండాలి. ఒక చేతిలో కంటిన్యుటీ షీట్, మరో చేతిలో వాకీటాకీ. క్యారవాన్ తలుపు తట్టి షాట్ రెడీ అని చెప్పాలి, జూనియర్ ఆర్టిస్టులను సర్ది నిలబెట్టాలి, అందరి చిరాకులూ నవ్వుతూ మింగాలి. ప్యాకప్ అయ్యాక జూబ్లీహిల్స్ ఆఫీసులో సిట్టింగ్. అక్కడ నోరు మెదపకపోతే ‘వీడి దగ్గర సరుకు లేదు’ అనేస్తారు. మితభాషి ఇవన్నీ చేయలేడని కాదు, చేస్తాడు. కానీ నిద్రపోయినా తీరని అలసట ఏళ్లు గడిచినా తగ్గకపోతే, ఆ పని వదిలేయడమే వివేకం. వదలాల్సింది మాత్రం ఆ కుర్చీని, సినిమాను కాదు.

అలవాటైతే అదే వస్తుందని పెద్దలంటారు. అందులో కొంత నిజముంది. కలివిడిగా మెలిగిన వేళల్లో అంతర్ముఖులకూ హుషారు పెరుగుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం ఫ్లీసన్ బృందం 2002లోనే చూపింది. అయితే మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిని వారంపాటు నలుగురిలో చొరవగా ఉండమన్నారు. మొత్తంమీద ఉత్సాహం పెరిగింది గానీ, బాగా అంతర్ముఖులైన వారికి ఆ లాభం అంతగా దక్కలేదు. పైగా అలసట పెరిగింది, తాము తాముగా లేమన్న భావన మిగిలింది. కాసేపు కలివిడిగా ఉండటం ఒక ఎత్తు, పొద్దస్తమానం అదే బతుకు కావడం మరో ఎత్తు.

అదృష్టవశాత్తూ సినిమాలో నిశ్శబ్దపు గదులూ ఉన్నాయి. ఎడిటింగ్, సౌండ్ మిక్సింగ్, కలరింగ్, గ్రాఫిక్స్, రచన ఇలాంటివే. అసిస్టెంట్ ఎడిటర్ క్లాప్ శబ్దాన్ని బొమ్మతో కలిపి, రషెస్ వేరుచేసి, బాగున్న టేకులకు గుర్తు పెట్టుకుంటాడు. అక్కడా డైరెక్టర్‌తో వాదన తప్పదు. కానీ అది తెలిసిన మనిషితో, ఒకే సీను మీద. పైగా ఇవి చిన్న పనులేమీ కావు. తండ్రి అక్కినేని సంజీవి బాటలో ఎడిటింగ్‌లోకి వచ్చిన శ్రీకర్ ప్రసాద్‌కు జాతీయ అవార్డులు పదేపదే వచ్చింది ఆ గదిలో చేసిన పనికే.

పరిచయాలు లేనిదే ఆ గది తలుపైనా తెరుచుకోదు కదా అనవచ్చు. నిజమే, అందుకే సెట్‌లో గడిపిన ఏళ్లు వృథా కావు. కంటిన్యుటీ తప్పకుండా రాసిన కుర్రాడు ఎడిటర్‌కు ముందే తెలిసి ఉంటాడు. మరో ప్రశ్న ముందుగా తేల్చుకోవాలి: లోపం స్వభావానిదా, పని పరిస్థితులదా? బర్నవుట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుగా కాక, పనిచోట తగ్గని ఒత్తిడి ఫలితంగా వర్గీకరించింది. బకాయిలు, తిట్లు, వేళాపాళా లేని పని మాటకారిని కూడా కుంగదీస్తాయి. అప్పుడు యూనిట్ మారితే సరిపోవచ్చు. ఇక పని మారితే అద్దె సంగతి. దర్శకుడు నగేశ్ కుకునూర్ అమెరికాలో ఇంజినీరుగా కూడబెట్టిన డబ్బుతో 1998లో ‘హైదరాబాద్ బ్లూస్’ తీశారు. కృష్ణానగర్ గదిలో ఉండే అసిస్టెంట్‌కు డాలర్లుండవు. అయినా షెడ్యూల్ మధ్యలో మాయం కాకుండా, సినిమా పూర్తిచేసి, ఈలోగా ఎడిటింగ్ నేర్చుకుని, కొన్ని నెలల అద్దె చేతిలో ఉంచుకుని మారవచ్చు. మొదట జీతం తగ్గవచ్చు, మళ్లీ అట్టడుగు నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. స్వభావంతో రోజూ కుస్తీ పడుతూ పదేళ్లు పోగొట్టుకోవడంతో పోలిస్తే ఆ నష్టం తక్కువే.