పిల్లల దగ్గు: ఎప్పుడు కంగారు పడాలి?

పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి, డ్రమ్ముల్లో పాలిష్ పట్టే రోజుల్లో మన ఆర్మూరు, అంకాపూర్ వైపు దగ్గని పిల్లలుండరు. పొద్దున చలి, పగలు దుమ్ము. "సిస్టరమ్మా, రాత్రంతా ఒకటే దగ్గు" అంటూ తల్లులు బిడ్డను చంకనేసుకొని వస్తారు. దగ్గు ఎంత గట్టిగా వినిపిస్తే జబ్బు అంత పెద్దదని అనుకుంటాం. కాని దగ్గుతూనే ఆడుకుంటూ, పాలు తాగే బిడ్డ గురించి అంత దిగులు అక్కరలేదు. కఫాన్ని, దుమ్మును బయటికి నెట్టడానికే దగ్గు వస్తుంది. జలుబుతో వచ్చే దగ్గు ఎక్కువగా వైరస్ వల్లే కనుక ఆంటిబయాటిక్ పని చేయదు.

చూడవలసింది ఊపిరిని. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకొని నిండా ఒక్క నిమిషం లెక్కపెట్టండి. పొట్ట ఒకసారి లేచి పడితే ఒక ఊపిరి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుండి ఏడాది లోపు 50, ఏడాది నుండి అయిదేళ్ల లోపు 40, లేదా అంతకు మించితే న్యుమోనియా కావచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా అంతే. మన నానమ్మలు "డొక్కలెగరేస్తున్నాడు" అని సరిగ్గానే గుర్తుపడతారు. తర్వాత కడుపు మీద వాతలు పెట్టించడమే ప్రమాదం.

పెదవులు నీలంగా మారినా, మూలుగుతున్నా, పాలు తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి. రెండు నెలల లోపు బిడ్డకైతే ఏ దగ్గయినా చూపించాలి. బాగున్న బిడ్డ పల్లీలో, మక్క గింజలో తింటూ ఉన్నట్టుండి దగ్గితే గింజ ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండవచ్చు. తర్వాత దగ్గు తగ్గినట్టున్నా చూపించండి. రెండు వారాలు దాటిన దగ్గుకు టి.బి. పరీక్ష తప్పనిసరి.

ఇక సిరప్‌ల మాట. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో విషపు ద్రావకం కలిసిన దగ్గు మందు తాగి, కిడ్నీలు చెడిపోయి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, అయిదేళ్ల లోపు వారికి మామూలుగా అవసరం లేదని ఆ సంవత్సరమే కేంద్ర ఆరోగ్య శాఖ డాక్టర్లకు చెప్పింది. పెద్దవాళ్ల సీసాలోంచి అర చెంచా పోయడం అసలే వద్దు.

ఏడాది దాటిన బిడ్డకు పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వవచ్చు. ఏడాది లోపు తేనె నాకించవద్దు. ముక్కు మూసుకుపోతే సెలైన్ చుక్కలు వేయండి. నూనె చుక్కలు వేస్తే అవి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. పసుపు పాల గురించి అడగని తల్లి మన ఊళ్లో లేదు. ఏడాది దాటితే చిటికెడు వేసి ఇవ్వండి, నష్టం లేదు. న్యుమోనియాకు మాత్రం అది మందు కాదు.

న్యుమోనియా రాకుండా కాపాడే పి.సి.వి. టీకా 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఆసుపత్రికి వచ్చేటప్పుడు టీకాల కార్డుతో పాటు ఇంతవరకు వాడిన మందు సీసాలు కూడా తెండి. పేరు గుర్తు లేకపోయినా సీసా చూస్తే మాకు తెలుస్తుంది.