అమరావతి శిల్పాలకు కొత్త సంరక్షకుడు

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి 2024లో నికోలస్ కల్లినన్ డైరెక్టర్ అయ్యారు. గ్రీసు అడుగుతున్న పార్థెనాన్ శిల్పాల సంగతి ఏం తేలుస్తారోనని అక్కడి పత్రికలు ఆరా తీశాయి. తెలుగువాళ్లకు ఆయనతో వేరే పని ఉంది. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన అమరావతి స్తూప శిల్పాలు 120కి పైగా ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. వాటిలో చాలావాటిని 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చాడు; 1859లో అవి ఓడెక్కాయి. వాటి విషయంలో ఈ మనిషి నుంచి ఏం ఆశించవచ్చో ఆయన మాటలకన్నా, పాత కొలువులో చేసిన ఒక పనే బాగా చెబుతుందని నా నమ్మకం.

అంతకుముందు ఆయన నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ డైరెక్టర్. పసిఫిక్ దీవుల నుంచి 18వ శతాబ్దంలో ఇంగ్లండు వచ్చిన మాయ్ అనే యువకుడి నిలువెత్తు చిత్రాన్ని జోషువా రెనాల్డ్స్ గీశాడు. దాని ధర 5 కోట్ల పౌండ్లు. గ్యాలరీ ఒక్కటే అంత సొమ్ము కూడగట్టలేని స్థితిలో, 2023లో అమెరికాలోని గెట్టీ సంస్థతో కలిసి కొన్నారు. చిత్రం కొంతకాలం ఇంగ్లండులో, కొంతకాలం లాస్ ఏంజెలెస్‌లో ఉంటుంది. ఒక కళాఖండం ఒకే గోడకు అంటిపెట్టుకుని ఉండాలన్న పట్టుదలను ఆయన అక్కడ వదులుకున్నారు. ఆ పట్టువిడుపు అమరావతికీ వర్తించాలి.

డైరెక్టర్ చేతిలో ఏముంది, 1963 నాటి చట్టం ప్రకారం వస్తువులను శాశ్వతంగా ఇచ్చేయడం దాదాపు అసాధ్యం కదా అంటారు. నిజమే, పైగా ఆయన మీద ట్రస్టీలున్నారు. కానీ అదే చట్టం అరువివ్వడాన్ని అనుమతిస్తుంది. 2017లో ముంబయి ప్రదర్శనకు ఆ మ్యూజియం వస్తువులు వచ్చాయి కూడా. ఇక వస్తువులు లండన్‌లోనే భద్రమన్న వాదన 2023 ఆగస్టులోనే బలం కోల్పోయింది. దాదాపు 2,000 వస్తువులు పోవడమో, చోరీ కావడమో, పాడవడమో జరిగిందని అప్పుడు బయటపడింది. వాటిలో చాలావాటికి సరైన నమోదే లేదు. సేకరణనంతా ఐదేళ్లలో డిజిటల్ జాబితాకెక్కిస్తామన్న మాట నిలబెట్టుకోవలసిన బాధ్యత ఇప్పుడు కల్లినన్‌ది. ఆయన పనితనానికి అసలు పరీక్ష ఆ జాబితాయే.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మనవైపు నుంచి వస్తుంది: అరువు పుచ్చుకుంటే వాళ్ల యాజమాన్యాన్ని ఒప్పుకున్నట్టే కదా? ఈ బాధ న్యాయమైనది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అయితే ఘనాలోని అశాంటీ రాజ్యపు బంగారు ఆభరణాలు 2024లో బ్రిటిష్ మ్యూజియం నుంచి అరువు పద్ధతిలోనే అక్కడి కుమాసీ నగరానికి చేరాయి. కల్లినన్ రాకముందే కుదిరిన ఆ ఒప్పందం ఘనా ప్రభుత్వంతో కాక, అశాంటీ రాజుతో జరిగింది. సొంతమన్న వాదనను పూర్తిగా వదులుకోకుండానే చూపుకు నోచుకునే దారి ఉందని అది చెబుతోంది. అమరావతికి అలాంటి దారి తెరవాలంటే ముందు మన రాష్ట్రం అడగాలి. రాళ్లకు తగిన వాతావరణం, కాపలా ఉన్న ప్రదర్శనశాలను చూపించి మరీ అడగాలి. ఆ అడగడం లండన్‌తో ఆగకూడదు. ఇదే స్తూపానికి చెందిన శిల్పాల పెద్ద సేకరణ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది, అక్కడికి వెళ్లడానికి సముద్రం దాటనక్కర్లేదు.