శక్తికి వెల

చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో ఏటేట భారత మహోత్సవము జరుగును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. పలుచోట్ల పదునెనిమిది దినములు ఊరంతయు ద్వాపరయుగమున ఉన్నట్లే ఉండును. అందు జనము విశేషముగా చేరునది అర్జున తపస్సునాడు. ఆరుబయట పొడవైన మానును నాటి మెట్లు బిగింతురు. అర్జున వేషధారి ఒక్కొక్క మెట్టే ఎక్కుచు పద్యములు పాడును. పైకి చేరి విభూతి, నిమ్మకాయలు క్రిందికి వేయును. సంతానము కోరు స్త్రీలు తడిబట్టలతో మాను క్రింద వేచియుందురు. పాశుపతము దొరకునది పురాణపు అర్జునునికి. కాళ్లు వణకుట మాత్రము వేషము కట్టినవానికే.

ఈ దృశ్యమెరిగిన శ్రోతలకు, నేటి యువకులు బల్లచుట్టు చేరి ఆడు ఒక ఆటను వివరించుట సులభము. నలుగురైదుగురు కూర్చుందురు. ఒకరు కథ నడుపు సూత్రధారి. తక్కినవారిలో ఒక్కొక్కరిది ఒక్కొక్క పాత్ర. పాత్రకు బలమెంత, తెలివి ఎంత, ఎన్ని దెబ్బలకు ఓర్వగలదు అనునది కాగితముపై అంకెలలో వ్రాసికొందురు. 'నేను గోడ దూకెదను' అని ఒకడనును. దూకగలిగెనా లేదా అన్నది పాచిక చెప్పును. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ జాతి ఆటలలో మొదట అచ్చై అంగడికి వచ్చినది.

మన వైకుంఠపాళిలో నిచ్చెన ఎక్కినను పావు పావే. గడి మారును గాని గుణము మారదు. ఇచట మారునది పాత్రయే. సాహసము చేసినకొలది అనుభవపు లెక్క పెరుగును. లెక్క నిండగానే పాత్ర పై మెట్టునకు చేరును. తొలి నియమములలో రెండవ మెట్టునకు యోధునికి 2000, మాంత్రికునికి 2500 కావలసియుండెను. మోసికొనివచ్చిన బంగారమును కూడ అనుభవముగానే లెక్కించుచుండిరి. మన వర్తకులు విన్నచో సంతోషింతురు!

అయితే ఎక్కుటయే తప్ప వేరు లేనిచో ఒక చిక్కు వచ్చును. పదిమెట్లెక్కినవానికి గోడ గోడ కాదు, దొంగ దొంగ కాడు. ఏమి చేసినను చెల్లును. కథ చప్పబడిపోవును. అందుచేత ఆటలు కట్టినవారు శక్తికి వెల కట్టిరి. మాంత్రికుడు ఒకమారు పలికిన మంత్రము ఆనాటికి అతని మనసునుండి చెరిగిపోవును. 1975లో చేర్చిన 'పాలడిన్' అను ధర్మవీరుడు నడవడి తప్పినచో తన విశేష శక్తులను కోల్పోవును. 1981 నాటి 'కాల్ ఆఫ్ క్తుల్హూ'లో వెల ఇంకను కఠినము: నిషిద్ధ గ్రంథములు చదివి మంత్రములు నేర్చినకొలది పాత్ర మతిస్థిమితపు అంకె తగ్గుచు వచ్చును.

భారతము విన్నవారికి ఇవి క్రొత్తవి కావు. కర్ణుడు సహజ కవచకుండలములు కోసి యిచ్చి ఇంద్రునివలన శక్తిని పొందెను. అది ఒక్కసారికే పనికివచ్చును. అర్జునునికై దాచినదానిని పదునాలుగవనాటి రాత్రి ఘటోత్కచునిపై విడువవలసివచ్చెను. పాశుపతమిచ్చునపుడు శివుడును, తొందరపడి అల్పునిపై ప్రయోగించినచో అది లోకమునే కాల్చునని హెచ్చరించెను.

ఇందు నాకు ముఖ్యముగా తోచునది వెల ఎంత అన్నది కాదు. అది ఎప్పుడు తెలిసినది అన్నది. ఇంద్రుడు విప్రవేషమున వచ్చునని సూర్యుడు కర్ణునికి కలలో ముందే చెప్పెను; ఇవ్వక మాననందువేని బదులుగా శక్తిని అడుగుమనెను. కర్ణుడు తెలిసియే ఇచ్చెను. కనుకనే ఆ దానమును గూర్చి రచ్చబండలపై నేటికిని వాదము తెగదు. పరశురాముని శాపమట్టిది కాదు. తొడను పురుగు తొలువగా కారిన నెత్తురుతో అబద్ధము బయటపడి, వెల ఒక్కమారుగా మీద పడెను. అబద్ధమునకు ఏదో కీడు కలదని కర్ణుడెరిగియుండవచ్చును, ఎంతటిదో ఎరుగడు. వినువానికిది గొప్ప ఘట్టమే. ఆడువానికి మాత్రము అన్యాయముగా తోచును. నెలలతరబడి పెంచుకొన్న పాత్రను సూత్రధారి 'ఆ ఖడ్గమునకు శాపమున్నది, నీకు చెప్పలేదు' అని ఒక్క మాటతో నిర్వీర్యము చేసినచో, చెడునది ఆట ఒక్కటే కాదు, స్నేహమును చెడును. తపస్సు మాను ఎక్కువాడు దీక్ష వహించునపుడే దాని పొడవును కన్నులార చూచియుండును.

అంకె తగ్గించి ఊరకుండుటయు మంచి వెల కాదు. స్వర్గమున అస్త్రములు నేర్చుచున్న అర్జునుడు ఊర్వశిని తల్లివలె భావించి తిరస్కరించి, నపుంసకత్వము శాపముగా పొందెను. ఇంద్రుడు దానిని ఒక ఏటికి కుదించెను. ఆ ఏడే అజ్ఞాతవాసమున అక్కరకు వచ్చి, విరాటుని కొలువులో బృహన్నలయై ఉత్తరకు నాట్యము నేర్పుటకు వీలు కలిగినది. పోగొట్టుకొన్నదే కథకు మరియొక వాకిలి తెరచినది. బల్లకడ కూర్చున్న సూత్రధారి ఇట్టి వెల ఒక్కటి కట్టగలిగినచో, ఆ రాత్రి పాచికలు ఎట్లు పడినను ఆడువారెవరును లేచిపోరు.