చేతి ఖర్చు, ఇంటి పని: పిల్లల ఆర్థిక శిక్షణ – ఒక పరిశీలన

కీలకపదాలు: చేతి ఖర్చు, ఇంటి పని, కూలి, వాటా, పొదుపు.

1. ఉపోద్ఘాతం

పిల్లలకు డబ్బు విలువ తెలియాలంటే వారి చేతికి డబ్బు ఇవ్వక తప్పదు. అయితే దాన్ని ఏ పేరుతో ఇవ్వాలన్నదే చిక్కు. అంట్లు తోమినందుకు ఇస్తే అది కూలి. ఇంటి సభ్యులైనందుకు ఇస్తే వాటా. మెచ్చి ఇస్తే బహుమానం. నోటు ఒకటే అయినా ఈ మూడూ నేర్పే పాఠాలు వేరు. ఈ భేదాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. చారిత్రక నేపథ్యం

చేతి ఖర్చు అనాదిగా ఉన్న ఆచారం కాదు. సమాజశాస్త్రవేత్త వివియానా జెలైజర్ 1985లో వెలువరించిన ‘ప్రైసింగ్ ది ప్రైస్‌లెస్ చైల్డ్’ గ్రంథం 1870–1930 మధ్య అమెరికాలో వచ్చిన మార్పును వివరించింది. అంతకుముందు శ్రామిక కుటుంబాల పిల్లలు సంపాదించి తల్లిదండ్రులకు ఇచ్చేవారు. బాలకార్మికత్వం తగ్గి బడి చదువు స్థిరపడినకొద్దీ తల్లిదండ్రులే పిల్లలకు ఇవ్వసాగారు.

తెలుగునాట దసరా రోజుల్లో విద్యార్థులు గిలకలు పట్టుకొని పద్యాలు పాడుతూ గురువుతో ఇంటింటికీ వెళ్లే ఆచారం ఉండేది. గృహస్థులు గురువుకు డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. పాడిన శ్రమ పిల్లలదైనా రొక్కం పెద్దలకే చెందడం గమనార్హం.

3. ప్రతిఫలం – ప్రేరణ

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ ప్రకటించిన ప్రయోగం ఇక్కడ ప్రస్తావించదగినది. బొమ్మలు గీయడం ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి, గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. తరువాత స్వేచ్ఛగా ఆడుకునే వేళ వారిలో ఆ ఆసక్తి తగ్గింది. అనుకోకుండా పత్రం పొందినవారిలో తగ్గలేదు.

అంట్లు తోమడం బొమ్మలు గీయడం వంటి ఇష్టమైన పని కాదు గనుక ఈ ఫలితాన్ని యథాతథంగా అన్వయించరాదు. అయినా ఒక పనికి ధర కట్టాక, ఆ ధర వద్దనుకున్న రోజున పని మానేసే హక్కు కూడా పిల్లలకు ఇచ్చినట్లే. అంతేకాక, కూతురు రోజూ ఊరకే చేసే పనికి కొడుకు డబ్బు పుచ్చుకుంటే ఆ ఇంట్లో అలవడేది పొదుపు కాదు, వివక్ష.

4. ముగింపు

కాబట్టి తన పక్క తానే ఎత్తుకోవడం, తిన్న కంచం కడగడం వంటివి ధర లేని బాధ్యతలుగానే ఉండాలి. చేతి ఖర్చు నిర్ణీత దినాన, నిర్ణీత మొత్తంలో, అల్లరి చేశారని కోత పెట్టకుండా అందాలి. అప్పుడే ముందుచూపు అలవడుతుంది. పుస్తకాల బీరువా అంతా దులిపి సర్దడం వంటి అదనపు పనికి ముందే ఒప్పుకున్న కూలి ఇవ్వవచ్చు. అది కొడుకుకూ కూతురికీ సమానంగా ఉండాలి. వారం మధ్యలోనే డబ్బు అయిపోతే మళ్లీ ఇవ్వకపోవడమూ శిక్షణే. పది రూపాయల పొరపాటు పెద్దయ్యాక చేయబోయే పెద్ద పొరపాటును తప్పించవచ్చు.

పదేళ్లు పైబడిన పిల్లలు స్వయంగా పొదుపు ఖాతా తెరిచి నిర్వహించుకోవడానికి భారతీయ రిజర్వు బ్యాంకు 2014లో వీలు కల్పించింది. ఆ ఖాతాను నడిపే వివేకం మాత్రం అంతకుముందే, ఇంట్లోని మట్టి ముంత దగ్గరే అలవడవలసి ఉంటుంది.