ఏది కొలిస్తే అదే భద్రం: కెమికల్ ఫ్యాక్టరీని మార్చిన పరికరాల కథ

జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడ పేర్లు వింటే హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ చాలా కుటుంబాలకు ఇంట్లోవాళ్ల డ్యూటీ గుర్తొస్తుంది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన అబ్బాయో అమ్మాయో అక్కడి మందుల కంపెనీల్లో, క్యూసీ ల్యాబుల్లో షిఫ్టులు చేస్తుంటారు. అక్కడ పని అంటే కొలవడమే. పొడి బరువు ఎంత, ద్రావణంలో ఆమ్లం ఎంత, బిళ్లలో అసలు మందు ఎంత. అంకె సరిగ్గా వస్తేనే సరుకు గేటు దాటుతుంది.

ఈ అంకెలు చెప్పే పరికరాల్లో చాలావాటి మూలాలు 1930ల నుంచి 1950ల మధ్య కాలంలో ఉన్నాయి. ఆ ముప్పై ఏళ్లలో కెమికల్ ఫ్యాక్టరీ పనితీరే మారిపోయింది. అయితే సరుకును కొలవడంలో అంత ముందుకు పోయిన ఫ్యాక్టరీలు, ఆ సరుకు తయారుచేసే మనిషి పీల్చే గాలిని కొలవడంలో మాత్రం బాగా వెనకబడ్డాయి. ఆ వెనుకబాటు ఎందరి ప్రాణాల మీదికో తెచ్చింది.

కన్ను, ముక్కు, నోరు

అంతకు ముందు ల్యాబ్‌లో పెద్ద పరికరం అనుభవం ఉన్న ఉస్తాదు కన్నే. ఆమ్లం ఎంత ఉందో తెలియాలంటే లిట్మస్ కాగితం ముంచి రంగు చూడాలి. లేదంటే బ్యూరెట్ నుంచి బొట్టు బొట్టుగా వదులుతూ రంగు ఎక్కడ మారిందో పట్టుకోవాలి. పగటి వెలుగులో ఒకరికి గులాబీ రంగుగా కనబడింది రాత్రి షిఫ్టులో దీపం కింద ఇంకొకరికి అలా కనబడదు. ద్రావణమే ముదురు రంగులో ఉంటే ఇక చెప్పక్కర్లేదు, అసలు మార్పే తెలియదు.

బరువు తూచడం మరో సహనపరీక్ష. రెండు పళ్లాల త్రాసులో చిన్న చిన్న రాళ్లను పట్టకారుతో పెడుతూ, ముల్లు ఊగడం ఆగేదాకా కూర్చోవాలి. ద్రావణం కొలతకు గాజు పిపెట్‌ను నోట్లో పెట్టుకుని పీల్చేవారు. కాస్త ఎక్కువ పీలిస్తే ఆమ్లమో విషమో నేరుగా నోట్లోకి వచ్చేది. సీసాలో ఏముందో వాసన చూసి చెప్పడం నేర్పరితనం కింద లెక్క.

ఆమ్లానికి ఒక అంకె ఇచ్చినవాడు డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్సన్. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేస్తూ 1909లో ఆయన పీహెచ్ స్కేలును ప్రవేశపెట్టాడు. 7 అంటే మంచినీళ్లలా తటస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఇంగ్లీషులో క్షారానికి వాడే అల్కలీ అన్న మాట అరబీలోని ‘అల్ ఖలీ’ నుంచి వచ్చిందే, మొక్కల బూడిద అని దాని అర్థం. ఈ స్కేలులో ఒక్క అంకె తేడా అంటే పది రెట్ల తేడా. అందుకే కంటి అంచనాతో పని నడవదు.

నిమ్మరసం తెచ్చిన తిప్పలు

స్కేలైతే వచ్చింది గానీ ఫ్యాక్టరీలో తేలిగ్గా కొలిచే సాధనం లేదు. ఆ లోటు తీరింది అమెరికాలోని కాలిఫోర్నియాలో, అదీ నిమ్మరసం వల్ల.

బజారులో అమ్ముడుపోని నిమ్మకాయలను అక్కడి పండ్ల రైతుల సహకార సంస్థ పిండించి, ఆ రసం నుంచి సిట్రిక్ యాసిడ్, పెక్టిన్ తీయించేది. రసం చెడిపోకుండా సల్ఫర్ డయాక్సైడ్ కలిపేవారు. అది లిట్మస్ రంగును తినేస్తుంది. అప్పటి హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌నూ పాడుచేస్తుంది. ఇక మిగిలింది పల్చని గాజు బుడ్డితో చేసిన ఎలక్ట్రోడ్. దాని నుంచి వచ్చే విద్యుత్తు మరీ తక్కువ. అప్పటి మీటరుకు ఆ విద్యుత్తు అందాలంటే బుడ్డి పెద్దగా, పల్చగా ఉండాలి. పెద్దగా, పల్చగా ఉంటే ఇట్టే పగిలిపోతుంది.

ఆ సంస్థ ల్యాబ్‌లో పనిచేసే గ్లెన్ జోసెఫ్ 1934లో తన పాత సహాధ్యాయి ఆర్నాల్డ్ బెక్‌మన్‌ను కలిశాడు. బెక్‌మన్ అప్పుడు కాల్‌టెక్‌లో కెమిస్ట్రీ బోధించేవాడు. రేడియోల్లో వాడే వాక్యూమ్ ట్యూబులతో విద్యుత్తును పెంచితే సరిపోతుంది కదా, అప్పుడు చిన్న, గట్టి గాజు బుడ్డి చాలు కదా అని ఆయన ఆలోచించాడు. ట్యూబులు, బ్యాటరీ, మీటరు అన్నీ కలిపి ఒకే పెట్టెలో బిగించాడు. జోసెఫ్‌కు కొన్నాళ్లకే ఇంకొకటి కావాల్సి వచ్చింది. ఎందుకంటే మొదటిదాన్ని తోటివాళ్లు మాటిమాటికీ పట్టుకుపోతున్నారు.

1935లో ఆ పరికరం 195 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. ఆనాటికి అది చిన్న మొత్తం కాదు. అయినా తోలు, చక్కెర, కాగితం, రంగులు, మందులు, నీటి సరఫరా, ఇలా ఆమ్లంతో పని ఉన్న ప్రతిచోటా దాని అవసరం కనిపించింది. ముఖ్యమైన విషయం ఏమిటంటే, గాజు, వైర్లు, లెక్కలు తెలిసిన నిపుణుడు పక్కన లేకపోయినా మామూలు ఉద్యోగి దాంతో రీడింగ్ తీయగలడు. ఉస్తాదు కన్ను మీద ఉన్న నమ్మకం ముల్లు మీదికి మారింది.

వారాల పని నిమిషాల్లో

తర్వాతి మలుపు 1941లో వచ్చిన డీయూ స్పెక్ట్రోఫోటోమీటర్. అది కూడా బెక్‌మన్ కంపెనీదే. ప్రతి పదార్థం కొన్ని రకాల కాంతిని మింగేస్తుంది, కొన్నింటిని వదిలేస్తుంది. ఏ కాంతి ఎంత తగ్గిందో చూస్తే ఆ పదార్థం ఎంత ఉందో తేలిపోతుంది. డీయూ కంటికి కనబడని అతినీలలోహిత కాంతినీ కొలిచేది.

దాని ఉపయోగం విటమిన్ ఎ విషయంలో బాగా తెలిసింది. చేప కాలేయ నూనెలో ఆ విటమిన్ ఎంతుందో తేల్చడానికి అప్పటిదాకా ఎలుకలకు నూనె పట్టించి, అవి ఎంత పెరిగాయో వారాల తరబడి తూచేవారు. విటమిన్ ఎ అతినీలలోహిత కాంతిని మింగుతుంది కాబట్టి, డీయూతో అదే పని నిమిషాల్లో అయిపోయింది. పెన్సిలిన్ పరిశోధనలోనూ ఈ పరికరం అక్కరకొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియా రబ్బరు తోటలు జపాన్ చేతికి పోయాయి. అమెరికా కృత్రిమ రబ్బరు తయారీకి దిగింది. దానికి బ్యూటాడయీన్ అనే వాయువు శుద్ధంగా కావాలి. దాన్ని పోలిన ఇతర వాయువులు ఎంత కలిశాయో వెంటవెంటనే తెలియాలి. ఆ పనికి పరారుణ కాంతితో కొలిచే పరికరాలు వచ్చాయి. యుద్ధం ముగిసే వేళకు స్విట్జర్లాండ్‌లో ఎర్‌హార్డ్ మెట్లర్ ఒకే పళ్లెం త్రాసును తెచ్చాడు. రాళ్లు పేర్చే కష్టం పోయింది. 1952లో జేమ్స్, మార్టిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు గ్యాస్ క్రొమటోగ్రఫీ పద్ధతిని వెల్లడించారు. కలిసిపోయిన వాయువులను విడివిడిగా లెక్కపెట్టడం దాంతో సాధ్యమైంది.

హైదరాబాద్ దారి

ఇదే కాలంలో హైదరాబాద్‌లోనూ పారిశ్రామిక రసాయన శాస్త్రానికి పునాది పడింది. నిజాం కాలంలో 1944లో సెంట్రల్ లేబొరేటరీస్ ఫర్ సైంటిఫిక్ అండ్ ఇండస్ట్రియల్ రీసెర్చ్ ఏర్పడింది. 1956లో అది సీఎస్ఐఆర్ కిందికి వెళ్లి రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ అయింది. ఇప్పుడు తార్నాకలో ఉన్న ఐఐసీటీ అదే. దాన్ని నడిపించినవారిలో డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ ఒకరు. ఉర్దూ రచయిత సజ్జాద్ జహీర్‌కు ఆయన సోదరుడు. తర్వాత 1962 నుంచి 1966 దాకా సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్‌గా దేశంలోని ప్రయోగశాలలన్నింటినీ చూసుకున్నారు.

1961లో కేంద్రం ఐడీపీఎల్‌ను నెలకొల్పింది. సోవియట్ సహాయంతో హైదరాబాద్ బాలానగర్‌లో దాని మందుల కర్మాగారం వచ్చింది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లు తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. నేటి క్యూసీ ల్యాబుల్లోని కొలత క్రమశిక్షణ వెనుక ఆ తరం శ్రమ ఉంది.

ముక్కుకు అందని విషం

ఇదంతా సరుకు సంగతి. మరి మనిషి సంగతి?

ప్లాస్టిక్ పైపులకు వాడే పీవీసీని వినైల్ క్లోరైడ్ అనే వాయువుతో తయారుచేస్తారు. ఆ ఫ్యాక్టరీల్లో రియాక్టర్ లోపల గోడలకు అంటుకున్న పొలుసును గోకడానికి కార్మికులు లోపలికి దిగేవారు. గాలిలో 10 లక్షల వంతుల్లో 500 వంతుల దాకా ఆ వాయువు ఉన్నా అమెరికా నిబంధనల ప్రకారం పర్వాలేదు. దాని వాసన ముక్కుకు తెలియాలంటే వేలల్లో ఉండాలి. అంటే వాసన రావడం లేదు కాబట్టి గాలి బాగానే ఉంది అనుకోవడానికి వీల్లేదు.

1974 జనవరిలో అమెరికాలోని లూయీవిల్ పీవీసీ ఫ్యాక్టరీ కార్మికులు కొందరు చాలా అరుదైన కాలేయ క్యాన్సర్‌తో చనిపోయారని బయటపడింది. అదే ఏడాది అక్కడి ప్రభుత్వం పరిమితిని 500 నుంచి ఏకంగా 1కి తగ్గించింది. అంత తక్కువ మోతాదును పట్టుకోవడానికి పనికొచ్చింది గ్యాస్ క్రొమటోగ్రఫీయే. పద్ధతి ఇరవై ఏళ్లుగా చేతిలోనే ఉంది. దాన్ని కార్మికుడి వైపు తిప్పడానికే అంతకాలం పట్టింది.

విశాఖలో ఒక ట్యాంకు

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. ఆ ఫ్యాక్టరీ 1961లో హిందుస్తాన్ పాలిమర్స్‌గా మొదలైంది.

స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. వేడెక్కితే తనలో తానే గట్టిపడుతూ ఇంకా వేడిని పుట్టిస్తుంది. ప్రమాదం జరిగిన ట్యాంకులో అడుగున మాత్రమే ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ఉందని, మధ్యభాగంలో, పైభాగంలో లేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. పైన వేడి పెరుగుతుంటే అడుగున ఉన్న పరికరం ఏం చెప్పగలదు? పరికరం అబద్ధం చెప్పలేదు. అడగాల్సిన చోట దాన్ని ఎవరూ అడగలేదు.

ఇంట్లో అడగాల్సిన ప్రశ్నలు

భోపాల్ విషాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, తమ ఆరోగ్య భద్రతకు సంబంధించిన సమాచారం యాజమాన్యం నుంచి తీసుకునే హక్కును కార్మికుడికి ఇచ్చారు. అడగాలంటే ముందు ఏం అడగాలో తెలియాలి కదా. డ్యూటీ నుంచి వచ్చిన పిల్లలతో తల్లిదండ్రులు ఈ మాటలు మాట్లాడటం మంచిది.

పీహెచ్ మీటరును తెలిసిన పీహెచ్ ఉన్న బఫర్ ద్రావణాలతో సరిచూశాకే వాడుతున్నారా? దాని గాజు ఎలక్ట్రోడ్ ఎండిపోకుండా ద్రావణంలో ఉంచుతున్నారా? రీడింగ్ చూశాకే లాగ్‌బుక్‌లో రాస్తున్నారా, లేక నిన్నటి అంకెనే దించేస్తున్నారా? పిపెట్‌కు రబ్బరు బల్బు ఉందా? పనిచేసే హాల్లో గ్యాస్ డిటెక్టర్ ఉందా, దాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? అలారం మోగితే ఏ దారిన బయటికి రావాలో చూపించారా?

దించి రాసిన అంకె వల్ల చెడ్డ మందు రోగి దాకా పోవచ్చు. పరీక్షించని డిటెక్టర్ వల్ల ఇంటికి రావాల్సినవాడు రాకపోవచ్చు. వాసన రావడం లేదులే, ముల్లు మామూలుగానే ఉందిలే అని సరిపెట్టుకోకుండా, ఆ ముల్లు దేన్ని కొలుస్తోందో, దేన్ని కొలవడం లేదో అడగడమే ఆ ఉద్యోగంలో మొదటి జాగ్రత్త.