పాత వీణ పుట్టిల్లు

తిరువూరులో ఒక సంగీతం టీచరుగారు పాత వీణ కొన్నారు. అది ఏళ్ల తరబడి తమ అటక మీద ఉందన్నదొక్కటే అమ్మినవాళ్లకు తెలుసు. ఫ్యాక్టరీ గిటారుకైతే ఒక నంబరుంటుంది, దాన్నిబట్టి ఏ ఏడాదిదో చెప్పేయవచ్చు. చేత్తో చేసిన వాద్యం పుట్టుకను దాని ఒంటి మీదే వెతకాలి.

ముందు చెక్క. మైసూరు వీణలకు రోజ్‌వుడ్ ఎక్కువగా వాడతారు. మన ప్రాంతంలో పనస. కొత్తగా కోసిన పనస చేవ పసుపుపచ్చగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. ఈ వీణ కుండంతా ఎర్రటి గోధుమరంగే. అంచున చిన్న పెచ్చు ఊడిన చోట మాత్రం లోపలి తేనెరంగు తెలుస్తోంది. పనసే, అదీ బాగా పాతది.

తర్వాత అతుకు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశంవారు ఏకాండి వీణను ఒకే మొద్దులోంచి తొలుస్తారు. ఈ పాత వీణకు కుండా దండీ కలిసేచోట గోటితో గీస్తే సన్నటి గీత తగిలింది. కాబట్టి ఏకాండి కాదు. అతుకు వీణలు తంజావూరులోనూ చేస్తారు కానీ, తిరువూరువాళ్లకు ముందు తట్టేది నూజివీడే. 2022లో జిల్లాలు విడదీసేదాకా తిరువూరు, నూజివీడు రెండూ కృష్ణా జిల్లావే. నూజివీడంటే లోకానికి మామిడి గుర్తొస్తుంది, వైణికులకు మాత్రం వీణ. సరస్వతీదేవి చేతి వాద్యాన్ని అక్కడ తరాలుగా చెక్కుతున్నవారిలో ముస్లిం కుటుంబం కూడా ఉంది. మనం గర్వంగా చెప్పుకోవలసిన సంగతి ఇది.

టీచరుగారు వీణను అక్కడికే తీసుకెళ్లారు. దండి కొసన చెక్కిన యాళి కోరల మధ్య ఉలి తిరిగిన తీరు చూసి, చెక్కపని తమ ఊరిదేనని అక్కడి పనివారు అన్నారు. మెట్లు మాత్రం తమవాళ్లు కట్టినవి కావన్నారు.

ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే మెట్ల సంగతి చూడాలి. గిటారు మెట్లను లెక్క ప్రకారం మెడలోకి దిగగొడతారు. మిగిలిన తీగ పొడవును ప్రతిసారీ సుమారు 17.8తో భాగించి, వచ్చినంత దూరంలో తర్వాతి మెట్టు వేస్తారు. తీగ 80 సెంటీమీటర్లయితే 12వ మెట్టు 40 దగ్గర, 24వది 60 దగ్గర పడుతుంది. వీణకూ మెట్లు 24. ఈ రూపం తెలుగులో కావ్యాలు రాసిన తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో, అంటే 17వ శతాబ్దం తొలినాళ్లలో, స్థిరపడిందంటారు. అంతకుముందే 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో వీణ మెట్ల అమరికను వివరించాడు. అయితే తీగను మెట్టుకు నొక్కినప్పుడు అది కాస్త బిగిసి శ్రుతి పెరుగుతుంది. అందుకే లెక్క చాలదు, చెవి కావాలి. ఇత్తడి మెట్లను బొగ్గుపొడి కలిపిన తేనెమైనం మీద నిలిపి, వింటూ జరుపుతారు. దీన్నే మేళం కట్టడమంటారు. మైనం కొన్నేళ్లకు ఎండి పెళుసుబారుతుంది, అప్పుడు మళ్లీ కట్టించాలి. ఈ వీణ కొసమెట్టు కింద నల్లటి మైనం, దాని అడుగున వెలిసిన మరో పొర కనిపించాయి. పుట్టిన ఊరేదో చెక్క చెప్పింది. తర్వాత ఇంకెవరి చేతుల్లోకో వెళ్లొచ్చిందని మైనం చెప్పింది.

ఇక తీగలు ఆనే గుర్రం. తీగను ఎక్కడ మీటితే అక్కడ కదలకుండా ఉండవలసిన అనుస్వరాలు (హార్మోనిక్స్) పుట్టకూడదని పాత సూత్రం. వీణలోనూ తంబూరాలోనూ అవి వినిపిస్తాయని 1921లో సి.వి. రామన్ చూపించాడు. కారణం, గుర్రం పైరేకు కొంచెం వంపుగా ఉండడం. కంపించే తీగ ఆ వంపును తాకుతూ, విడుస్తూ ఉంటుంది. వీణ నాదంలోని నిండుతనం చాలావరకు అక్కడిదే. ఈ వీణ రేకు మీద, రాగం పలికించే సారణి తీగ కింద పడిన గాడి అన్నిటికన్నా లోతు. అటకెక్కకముందు దీని మీద ఎవరో గట్టిగానే సాధన చేశారు.

గాడి పడ్డ రేకు మీద తీగ సరిగా పలకదు. రేకును ఆకురాయితో సాపు చేయించి, మేళం కొత్తగా కట్టించేందుకు టీచరుగారు వీణను నూజివీడులోనే ఉంచి వచ్చారు.