అటలాంతు: ఒక పరాసు యుద్ధనౌక స్వల్పచరిత్రము

మంథని మొదలగు లోనాటి విద్యాస్థానములవారికి సముద్రయుద్ధము పరదేశకథగాఁ దోఁచవచ్చును. కాని మన తీరచరిత్రమున కది పరాయిది కాదు. 1753లో నిజామగు సలాబతుజంగు ఉత్తరసర్కారులను పరాసుల కొసఁగెను. 1759లో ఆంగ్లేయులు మచిలీపట్టణమును బట్టుకొనిరి. 1766లో నిజామలీఖాను ఆ సర్కారులను సంధిమూలమున వారికే యిచ్చెను. కావున 1804లో పరాసునౌక లాంధ్రతీరమునకు వచ్చునప్పటి కచట వానికిఁ దలదాఁచుకొన నొక్క రేవును లేదు. పుదుచ్చేరియు యానామును సైత మాంగ్లేయుల వశముననే యుండెను. అటలాంతు చరిత్ర మీ కొఱఁతవలననే తెలియవలసి యున్నది.

అటలాంత యనునది పరుగుపందెమునఁ బురుషుల నోడించిన యొక యవనకన్య పేరు. ఈ నౌక ఫ్రిగేటు అను జాతిది. ఇంచుమించు నలువది ఫిరంగులు గలది. ఇట్టివి పెద్ద యుద్ధనౌకలకంటె బలమునఁ దక్కువ, వేగమున నెక్కువ.

1803 మార్చిలో లినోవా యను నౌకాధిపతి వెంట నిది బ్రెస్టు రేవు విడిచెను. అమియాను సంధి ననుసరించి పుదుచ్చేరిని మరల స్వాధీనపఱచుకొనుట యా యాత్రకు ఉద్దేశము. ఇంతలో యుద్ధము మరలఁ బొడమెను, పుదుచ్చేరి దక్కలేదు. నౌకలు నేఁటి మారిషసు ద్వీపమును ఆశ్రయముగాఁ జేసికొని ఆంగ్లవర్తకనౌకలను బట్టఁ దొడఁగెను.

1804 సెప్టెంబరు 15వ తేదీన మరెంగో, అటలాంతు, సెమిలాంతు అను మూఁడు నౌకలు విశాఖపట్టణపు రేవుపైఁ బడెను. అచట సెంచూరియను అను ఏఁబది ఫిరంగుల ఆంగ్లనౌకయు, రెండు వర్తకనౌకలును లంగరు వేసియుండెను. సెంచూరియను నాయకుఁడు లిండు ఒడ్డున నుండుటచే ఫిలిప్సు అను ఉపనాయకుఁడు పోరు నడిపెను. వర్తకనౌకలలో బార్నబీ ఒడ్డునఁ దాఁకి భగ్నమయ్యెను. ప్రిన్సెసు షార్లటు లొంగిపోయెను. సెంచూరియను త్రాళ్లును దెరచాపలును జినిఁగియు లొంగలేదు. మరెంగో యొక్కదానికే డెబ్బదినాలుగు ఫిరంగు లున్నను లినోవా పోరు విరమించి, పట్టుబడిన యోడతో వెడలిపోయెను.

నెపోలియను లినోవా సంకోచమును నిందించెను. ఆ నింద కొంతవఱకే న్యాయము. లోఁతులేని యా తీరమున నౌక నేల దాఁకినను, స్తంభము విఱిగినను బాగుచేయించుకొనఁ జేరువలో రేవు లేదు. మారిషసు వేలమైళ్ల దూరమున నున్నది. ఫిరంగులు లెక్కించువారు దీనిని లెక్కింపలేదు.

1805 నవంబరు 3వ తేదీన, గుడ్‌హోపు అగ్రముకడ టేబిలు అఖాతమునఁ బెనుగాలి తాఁకిడికి అటలాంతు ఒడ్డునకుఁ గొట్టుకొనిపోయి నశించెను. బ్రెస్టు విడిచి మూఁడేండ్లైనను గాలేదు.

బాలురకు విశాఖపట్టణ యుద్ధమును బోధించు పండితులు జయాపజయములతోఁబాటు రేవుల స్వామ్యమునుగూడఁ దెలుపుట యుచితము. ఆ పోరాటఫలము చాలవఱకు 1759, 1766 సంవత్సరములలోనే నిర్ణయమై యుండెను.